క్యాడ్ ఇన్‌స్టాల్ చేసిపెడతామంటే నమ్మి ల్యాప్‌టాప్ అప్పగించకండి

"ఆటోక్యాడ్, రెవిట్, సాలిడ్‌వర్క్స్... ఏది కావాలన్నా ఒరిజినల్ లైసెన్స్, లైఫ్‌టైమ్. మీరు ఇంట్లో కూర్చుంటే చాలు, మేమే ఇన్‌స్టాల్ చేసిపెడతాం." ఇవన్నీ కంప్యూటర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగులు, మోడల్స్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్లు. స్టూడెంట్ గ్రూపుల్లో తిరిగే ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నేను నమ్మి డబ్బు కట్టాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి. ప్రాజెక్ట్ సబ్మిషన్ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉందనగా ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. నా మెయిల్ రెండు రోజులు వేరేవాళ్ల చేతిలో ఉంది.

అసలు నేను కొన్నది ఉచితంగా దొరికేదే. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు ఆటోక్యాడ్, రెవిట్, ఫ్యూజన్ లాంటివి డబ్బు తీసుకోకుండానే ఇస్తుంది. ఏడాదికి ఒకసారి రెన్యూవల్ చేసుకోవాలి, విద్యార్థిగా ఉన్నన్నాళ్లూ అలా కొనసాగించుకోవచ్చు. అది చదువుకోవడానికి ఇచ్చే లైసెన్స్ కాబట్టి దాంతో డబ్బు తీసుకుని పనులు చేయకూడదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అప్లై కూడా చేశాను. వెరిఫికేషన్ దగ్గర తిరస్కరించారు. అప్పటికి ల్యాబ్ అసైన్‌మెంట్ గడువు దగ్గరపడింది. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే ఆ మెసేజ్ కంటపడింది.

తిరస్కరణకు కారణం తర్వాత తీరిగ్గా చూస్తే తెలిసింది. అకౌంట్‌లో నేను పొట్టిపేరు ఇచ్చాను, ఐడీ కార్డులో పూర్తి పేరుంది. పైగా ఆ కార్డు మీద ప్రస్తుత విద్యా సంవత్సరం ఎక్కడా లేదు. పేరు, కాలేజీ పేరు, ఈ ఏడాది తేదీ మూడూ ఒకే కాగితం మీద స్పష్టంగా కనిపించాలి. కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ తీసుకుని, అకౌంట్‌లో పేరు సరిచేసి మళ్లీ పంపితే ఒప్పుకున్నారు. ఈ పని మొదటే చేసి ఉంటే మిగతాదేదీ జరిగేది కాదు.

ఇక ఆ రోజు జరిగింది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో ప్రతి మెట్టూ గుర్తుపట్టదగినదే.

డబ్బు అందగానే ఆ మెసేజ్ పెట్టినతను ఒక రిమోట్ యాప్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ను నడిపే యాప్) వేసుకోమన్నాడు. కనెక్ట్ అయ్యాక మొదట చేసిన పని విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్‌లో రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపడం. "ఎందుకన్నా?" అని అడిగాను. "ఇన్‌స్టాల్ ఫాస్ట్‌గా అవుతుంది తమ్ముడూ, అయిపోగానే ఆన్ చేస్తాను" అన్నాడు. మళ్లీ ఆన్ చేశాడు కూడా, అందుకే నాకు అనుమానం రాలేదు. కానీ ఆ మధ్యలో ఎక్స్‌క్లూజన్ల (స్కాన్ చేయకుండా వదిలేయాల్సినవాటి) జాబితాలో సి డ్రైవ్ మొత్తాన్ని చేర్చాడు. అంటే యాంటీవైరస్ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, సి డ్రైవ్ వైపు మాత్రం తొంగి కూడా చూడదు.

తర్వాత పాస్‌వర్డ్ పెట్టిన ఒక జిప్ ఫైల్ దించాడు. జిప్‌కు పాస్‌వర్డ్ ఉంటే లోపల ఏముందో యాంటీవైరస్ స్కాన్ చేయలేదు. మామూలు ఇన్‌స్టాలర్‌ను అలా దాచి పంపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఆ తర్వాత, ఏ వెబ్ చిరునామా ఎక్కడికి వెళ్లాలో విండోస్ చూసుకునే హోస్ట్స్ ఫైల్ తెరిచి కొన్ని వరుసలు రాశాడు. అవి సాఫ్ట్‌వేర్ తన లైసెన్స్ సర్వర్లను చేరకుండా అడ్డుకునే వరుసలు. నిజమైన లైసెన్స్ అయితే సర్వర్‌తో మాట్లాడకుండా ఆపాల్సిన పనేముంది?

నేను చివరిదాకా గమనించనిది ఇంకొకటుంది. వెళ్లేముందు ఆ రిమోట్ యాప్‌లో తన పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకుని వెళ్లాడు. నేను ఒప్పుకోకపోయినా, నా ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండి నెట్ ఉంటే చాలు, అతను ఎప్పుడైనా లోపలికి రావచ్చు. మూడు వారాలు ఆ తలుపు తెరిచే ఉంది. ఆ మూడు వారాలూ నేను అదే ల్యాప్‌టాప్‌లో ఫీజులు కట్టాను, మెయిల్స్ చూసుకున్నాను.

నాలుగో వారంలో ఆటోక్యాడ్ తెరవగానే ఇది అసలైన కాపీ కాదన్న హెచ్చరిక వచ్చింది. అతనికి మెసేజ్ పెడితే "నువ్వు నెట్ ఆన్ చేసి వాడావు, మళ్లీ యాక్టివేట్ చేయాలంటే మళ్లీ పే చెయ్యాలి" అన్నాడు. లైఫ్‌టైమ్ అన్నావు కదా అని అడగ్గానే బ్లాక్ చేశాడు. మర్నాడే నా మెయిల్ పాస్‌వర్డ్ మారిపోయింది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నామని సైట్‌కు చెప్పే ఫైళ్లు) దొంగిలించే మాల్‌వేర్, లైసెన్స్ లేకుండా సాఫ్ట్‌వేర్ నడిపించే క్రాక్ ఫైళ్లతో కలిసి రావడం మామూలే. కుకీ వాళ్ల చేతికి చిక్కితే కొన్నిసార్లు ఓటీపీ కూడా అడగదు.

క్యాడ్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఉండే ప్రమాదం ఇంకొకటి. డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లో ఏక్యాడ్ డాట్ ఎల్ఎస్‌పీ (acad.lsp) అనే పేరుతో లిస్ప్ ఫైల్, అంటే ఆటోక్యాడ్ నడిపే చిన్న ప్రోగ్రామ్, ఉంటే ఆటోక్యాడ్ దాన్ని తనంతట తానే నడిపించగలదు. 2012లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన మెడ్రే అనే వార్మ్ (తనంతట తానే వ్యాపించే మాల్‌వేర్) ఇలాంటి దారిలోనే పాకింది. ఆటోక్యాడ్ ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌లో రాసిన ఆ వార్మ్ ముఖ్యంగా పెరూలో వ్యాపించి, వేల డ్రాయింగులను చైనాలోని మెయిల్ ఖాతాలకు పంపించేసింది. తెలియని లిస్ప్ ఫైల్ లోడ్ అవ్వబోతే మనల్ని అడిగేలా ఆటోక్యాడ్‌లో సెక్యూర్‌లోడ్ అనే సెట్టింగ్ ఉంది. మామూలుగా అది 1 మీద ఉంటుంది. నా దాంట్లో 0 చేసి ఉంది, అంటే హెచ్చరికలేమీ రావు. ఆటోక్యాడ్ కమాండ్ లైన్‌లో SECURELOAD అని టైప్ చేస్తే మీది ఎంతలో ఉందో తెలుస్తుంది. ఈ పని ఇప్పుడే చేసి చూసుకోండి. టీమ్ ప్రాజెక్టుల్లో మనం ఫోల్డర్లకు ఫోల్డర్లే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిపుచ్చుకుంటాం కదా, ఒకరి దగ్గరున్నది అందరికీ అంటుకుంటుంది.

"క్రాక్ వద్దు, నిజమైన స్టూడెంట్ అకౌంటే ఇస్తాం" అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. అది వాళ్ల మెయిల్ మీద ఉన్న అకౌంట్. వాళ్లు పాస్‌వర్డ్ మార్చిన రోజున మీ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. క్లౌడ్‌లో దాచిన మోడల్స్ కూడా వాళ్ల దగ్గరే ఉండిపోతాయి.

వెరిఫికేషన్ వచ్చేలోపు పని ఆగకూడదనుకుంటే ఆన్‌షేప్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, విద్యార్థులకు ఉచితం. ఫ్రీక్యాడ్ అందరికీ ఉచితమే, 2024లో 1.0 వెర్షన్ వచ్చింది. 2డీ డ్రాయింగులకైతే లిబ్రేక్యాడ్ ఉంది. సాలిడ్‌వర్క్స్ కావాలంటే ముందు కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జిని అడగండి, చాలా కాలేజీలు తీసుకునే లైసెన్స్‌లోనే విద్యార్థులకూ వాటా ఉంటుంది.

ఇప్పటికే ఎవరిచేతైనా ఇలా ఇన్‌స్టాల్ చేయించుకున్నవాళ్లు ముందు ఆ ల్యాప్‌టాప్‌కు నెట్ ఆపేయండి. పాస్‌వర్డ్‌లు ఆ ల్యాప్‌టాప్‌లో మార్చవద్దు. ఫోన్‌లోంచో, వేరే కంప్యూటర్‌లోంచో మార్చండి. మొదట మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మెయిల్ సెట్టింగ్స్‌లో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి, లేకపోతే దొంగిలించిన కుకీ ఇంకా పనిచేయవచ్చు. మీ డ్రాయింగులు, రిపోర్టులు మాత్రమే కాపీ చేసుకుని (సెటప్ ఫైళ్లు, లిస్ప్ ఫైళ్లు వద్దు) విండోస్ కొత్తగా వేసుకోండి. క్రాక్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే సరిపోదు. నేను మొదట అలాగే చేశాను, ఎక్స్‌క్లూజన్, రిమోట్ యాప్ రెండూ అలాగే ఉండిపోయాయి.

మా జూనియర్ ఒకడు కూడా అతని దగ్గరే చేయించుకున్నాడని మొన్న తెలిసింది. "అన్నా, నాది బాగానే నడుస్తోంది" అన్నాడు. డిఫెండర్ తెరిపించి ఎక్స్‌క్లూజన్లు చూపించమన్నాను. అక్కడా సి డ్రైవ్ మొత్తం ఉంది. ఇద్దరం కూర్చుని రాత్రికి రాత్రే మా జూనియర్ ఫైళ్లు బయటికి తీశాం. విండోస్ వేయడం అయ్యేసరికి తెల్లారింది. బోనఫైడ్ కోసం వాడు ఇవాళ కాలేజీ ఆఫీసుకు వెళ్లాడు.