పగలు డైవింగ్, రాత్రి కొండ: దహబ్‌లో మాకు అంటగట్టిన ప్లాన్

ఈజిప్ట్‌లో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న దహబ్ వెళ్దామనుకునేవాళ్లు హోటల్ కంటే ముందు, ఫ్లైట్ కంటే ముందు, రోజుల వరస చూసుకోండి. సినాయ్ కొండ ముందు, సముద్రంలో డైవింగ్ తర్వాత. మాకు ఉల్టా ప్లాన్ అంటగట్టి 70 డాలర్లు మింగేశారు, ఆ మంట చల్లారక ఇది రాస్తున్నా.

వెళ్లింది ముగ్గురం. నేను, మా చెల్లి, మా ఆయన. నాకూ చెల్లికీ ఓపెన్ వాటర్, అంటే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్ ఉంది, ఆయన మాత్రం మోకాలి లోతు దాటి సముద్రంలోకి రాడు. నవంబర్ కాబట్టి వాతావరణం హాయిగా ఉంది. వీసాలు ముందే తీసుకున్నాం. షర్మ్ ఎల్ షేక్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే, వీసా లేకుండా సినాయ్‌ వరకు తిరగనిచ్చే 15 రోజుల స్టాంప్ ఫ్రీ అని అందరూ చెప్తారు కానీ అది అన్ని పాస్‌పోర్టులకీ ఇవ్వరు, దాన్ని నమ్ముకుని బయల్దేరకండి. ఎయిర్‌పోర్ట్ బయట టాక్సీవాడు 2,500 పౌండ్లన్నాడు, మా ఆయన అరగంట వాదించి 1,400కి దించాడు. దారంతా ఎర్రటి రాతి కొండలు, మధ్యలో చెక్‌పోస్టులు, పాస్‌పోర్టులు చేతిలోనే పెట్టుకోవాలి. ఇంకో మాట, పాత ధరలు చూసి బడ్జెట్ వేయొద్దు. 2024 మార్చిలో ఈజిప్ట్ పౌండ్‌ని మార్కెట్‌కి వదిలేశాక డాలర్‌కి 31 దగ్గరున్నది 50 దగ్గరికి పోయింది. దహబ్‌లో డైవింగ్ మాత్రం యూరోల్లోనే చెప్తారు.

ఇక రూమ్. సముద్రం ఒడ్డునే కదా అని మస్బత్ అనే పేటలో తీసుకున్నాం, ఒక్కోటి రోజుకి 28 డాలర్లు, రెండు రూములు. సీ వ్యూ అన్నారు. నిజమే, మేడ మీద వాటర్ ట్యాంక్ పక్కన నిలబడి మెడ సాగదీస్తే నీలంగా ఓ గీత కనిపిస్తుంది. అది సర్దుకున్నాం, షవర్ దగ్గర మాత్రం ఏడుపొచ్చింది. ఒంటి మీది ఉప్పు కడుక్కుందామని తిప్పితే అందులోంచీ ఉప్పునీళ్లే! జుట్టు కొబ్బరిపీచు అయిపోయింది, సబ్బు నురగ రాదు. అడిగితే రిసెప్షన్లో అబ్బాయి నవ్వి ఇక్కడ అంతే అన్నాడు. అంతే కాదు, మూడో రోజు అసలా అనే ఇంకో పేటలో 24 డాలర్లకే మంచినీళ్ల షవరున్న రూములు దొరికాయి, ట్యాంకర్‌తో పోయించుకుంటారట. బుక్ చేసేముందు ఏసీ ఉందా, బ్రేక్‌ఫాస్ట్ ఉందా అని తర్వాత అడగండి, షవర్‌లో మంచినీళ్లేనా అని మొదట అడగండి.

అసలు మోసం ఆ మొదటి హోటల్‌లోనే, కింద ఉన్న టూర్ డెస్క్‌లో జరిగింది. శనివారం పగలు రెండు డైవులు, అదే రాత్రి పదిన్నరకి వ్యాన్‌లో కొండ కింది ఊరు సెయింట్ కేథరిన్, తెల్లారేసరికి సినాయ్ కొండ మీద సూర్యోదయం, టైమ్ వేస్ట్ అవ్వదు మేడమ్ అన్నాడు. కొండకి మనిషికి 35 డాలర్లు, ముగ్గురికీ ముందే కట్టించుకున్నాడు. మా చెల్లి, అక్కా ఇది బానే ఉంది కదా అంది, నేనూ తలూపాను. సర్టిఫికెట్లున్న ఇద్దరం, ఒక్కరికీ బుర్ర వెలగలేదు, సిగ్గుచేటు.

శనివారం డైవ్ సెంటర్‌లో ఫారాలు నింపుతుంటే ఇన్‌స్ట్రక్టర్ మామూలుగా అడిగింది, ఫ్లైట్ ఎప్పుడు అని. చెల్లి హుషారుగా ఫ్లైట్‌కింకా టైముంది, ఈ రాత్రికి కొండెక్కుతున్నాం అంది. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. ఆ కొండ 2,285 మీటర్లు. నీళ్లలో ఒత్తిడికి ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోకముందే అంత ఎత్తుకి పోతే సోడా మూత తీసినట్టే, రక్తంలో బుడగలు కడతాయి, విమానం ఎక్కకూడదనేది కూడా ఇందుకే. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, అంతకు మించితే కనీసం 18 గంటలు ఆగాలి, ఒక రోజంతా ఆగితే ఇంకా మంచిది. మా రెండో డైవ్ ముగిసేది మధ్యాహ్నం రెండున్నరకి, తెల్లారి ఐదింటికి కొండ మీద ఉంటే లెక్క మీరే వేసుకోండి. డైవా కొండా, ఏదో ఒకటే అని తేల్చి చెప్పేసింది.

మేం డైవే అన్నాం. డెస్క్‌వాడి దగ్గరికెళ్లి మా ఇద్దరి డబ్బులైనా ఇమ్మంటే, అందరూ వెళ్తారు, ఎవరికీ ఏం కాలేదు అంటాడు, పోనీ వేరే రోజుకి మార్చమంటే వ్యాన్ నిండిపోయింది అంటాడు. మా ఆయన బల్ల గుద్దాడు, మా చెల్లి బావా వదిలేయ్ అని లాక్కొచ్చింది. చివరికి ఆయన పంతానికి పోయి, నేను డైవ్ చేయలేదుగా, నా 35 డాలర్లు నేను వదలనని ఒక్కడే వెళ్లాడు!

వెళ్లి మర్నాడు మధ్యాహ్నం కుంటుకుంటూ వచ్చాడు. ఒంటె దారిలో నడక, అక్కడి ఎడారి తెగ బెదూయిన్ల గైడ్ వెంట ఉండాల్సిందే, ఆఖర్న 750 రాతి మెట్లు, పైన చలికి పళ్లు టకటకా కొట్టుకున్నాయట, పలచటి విండ్‌చీటర్‌తో వెళ్తే మరేమవుతుంది. సూర్యోదయం గురించి మాత్రం ఇప్పటికీ వాయిస్తున్నాడు. కిందకి దిగి సెయింట్ కేథరిన్ క్రైస్తవ మఠం చూద్దామంటే తలుపులు మూసున్నాయి. ఆదివారం తెరవరు! ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన మఠం, మా ఆయన దాని గోడ చూసొచ్చాడు. శనివారం రాత్రి టికెట్ అమ్మేవాడికి ఆ సంగతి తెలీదంటారా?

మా డైవులు మాత్రం, వాడి మీద కోపం మర్చిపోయేంత బాగున్నాయి. దహబ్‌లో ఎక్కువగా బోటు అక్కర్లేదు, సిలిండర్ తగిలించుకుని ఒడ్డు నుంచి నడిచి దిగిపోవడమే, కాబట్టి బూట్లు గట్టివి తీసుకోండి. ఎర్రసముద్రంలో ఉప్పు ఎక్కువ, లీటరుకి 40 గ్రాముల దాకా, అందుకే మామూలుగా పెట్టుకునే బరువుతో నేను మునగనే లేదు, ఇంకో రెండు కిలోలు కట్టారు. లైట్‌హౌస్ దగ్గర లయన్‌ఫిష్‌లు, ఈల్ గార్డెన్‌లో ఇసుకలోంచి గడ్డిపోచల్లా ఊగుతూ వందల ఈల్స్, అంటే పాముల్లాంటి చేపలు, దగ్గరికెళ్తే ఒక్కోటీ లోపలికి జారిపోతుంది. రెండు డైవులకి సామాను అద్దెతో కలిపి మనిషికి 65 యూరోలు.

ఒడ్డు పక్కనే సముద్రంలో ఉన్న లోతైన గొయ్యి బ్లూ హోల్‌కి సోమవారం వెళ్లాం, స్నార్కెలింగ్‌కే, అంటే మాస్క్ పెట్టుకుని నీటి పైన తేలుతూ చూడ్డానికే. ఒడ్డున కొండకి తగిలించిన చనిపోయిన డైవర్ల పేర్ల పలకలు చదివాక మా చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. అక్కడ 55 మీటర్ల లోతులో ఆర్చ్, అంటే బయటి సముద్రంలోకి రాతి కమాను దారి ఉంది, నీళ్లు తేటగా ఉండటంతో దగ్గరే ఉన్నట్టు భ్రమ. ఓపెన్ వాటర్ వాళ్లకి హద్దు 18, సరదా డైవింగ్‌కి ఎంత పెద్ద సర్టిఫికెట్టున్నా 40. ఇంకొంచెం కట్టండి, ఆర్చ్ చూపిస్తా అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

తిండికి బెంగలేదు. తామెయా చూడ్డానికి వడే, విరిస్తే లోపల ఆకుపచ్చగా ఉంటుంది, బ్రెడ్‌లో పెట్టి 20 పౌండ్లకి ఇచ్చారు. ఒడ్డు రెస్టారెంట్లలో ఒక్క చేప ప్లేట్‌కి 450 పెట్టాం, అందులో సగం పిల్లులే తిన్నాయి.

మళ్లీ వెళ్తే మాత్రం దిగిన మర్నాడే కొండ, అదీ మఠం తెరిచే రోజు చూసుకుని, తర్వాత మూడు రోజులు డైవింగ్, ఫ్లైట్ ముందు రోజు పొడి రోజు, అంటే డైవ్ లేని రోజు. ఈసారి కూడా ఆ పొడి రోజు ఉంచుకున్నాం, బుధవారం. మేమిద్దరం ఒడ్డున టీ తాగుతూ కూర్చుంటే మా ఆయన ఏమనుకున్నాడో 100 పౌండ్లకి మాస్క్ అద్దెకి తెచ్చుకుని నడుం లోతులో నిలబడి మొహం నీళ్లలో పెట్టాడు. రెండు గంటలకని తీసుకున్న మాస్క్ చీకటి పడేదాకా ఇవ్వలేదు, ఇంకో 100 కట్టాల్సొచ్చింది. ఆ వందకి మాత్రం బేరమాడలేదు.