తక్కువ ఖర్చుతో ఇంటికి చేసుకున్న మార్పులు: ఇన్నేళ్లు వాడాక ఏవి నిలిచాయి?

కొని తెచ్చిన రోజున ఏ వస్తువైనా బాగానే ఉంటుంది. అది నిజంగా ఎలాంటిదో ఒకట్రెండు వానాకాలాలు గడిస్తే గానీ తెలీదు. మా ఇంట్లో చిన్న చిన్న రిపేర్లూ, సీజన్ మారినప్పుడల్లా చేసే సర్దుళ్లూ ఇప్పటికి చాలాసార్లు అయ్యాయి కాబట్టి, ఏది పనికొచ్చిందో ఏది రాలేదో రాస్తున్నాను.

పెట్టిన డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది సిలికాన్ సీలెంట్ ట్యూబు. సింకు చుట్టూ, బాత్రూంలో గోడా నేలా కలిసే మూలల్లో, కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందుల్లో వేశాను. చాలా ఇళ్లలో ఇది కొన్ని నెలలకే పొరలా ఊడొచ్చేస్తుంది. ట్యూబు మంచిది కాదనుకుంటారు గానీ, ఎక్కువసార్లు అసలు కారణం పాత సిలికాన్ మీదే కొత్తది పూయడం, అది దానికి సరిగా అంటుకోదు. పాతదంతా బ్లేడుతో గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, సందుకి రెండు పక్కలా మాస్కింగ్ టేపు అంటించాలి. ట్యూబు మూతిని ఏటవాలుగా, రంధ్రం చిన్నగా వచ్చేలా కోసి ఆపకుండా ఒకే గీతగా లాగి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో అదిమి, పైపొర కట్టకముందే టేపు లాగేయాలి. గాల్లో ఉండే తేమతోనే అది గట్టిపడుతుంది కాబట్టి 24 గంటలు అక్కడ నీళ్లు పడనివ్వకండి. ఇంకో సంగతి, వెనిగర్ వాసన వచ్చే రకం అద్దానికీ టైల్స్‌కీ సరిపోతుంది గానీ పాలరాయికీ సిమెంటుకీ ఆ వాసన రాని న్యూట్రల్ రకమే తీసుకోవాలి. మామూలు సిలికాన్ మీద పెయింటు నిలవదు, రంగు వేసే చోట యాక్రిలిక్ సీలెంట్ వాడాలి.

కుళాయి మూతికి బిగించే ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపి, తక్కువ నీళ్లు వచ్చేలా చేసే చిన్న జాలీ) కూడా మంచి కొనుగోలే. కొనేముందు లీటరు జగ్గు కుళాయి కింద పెట్టి చూడండి, 6 సెకన్లలో నిండిందంటే నిమిషానికి 10 లీటర్లు పోతున్నట్టు. నిమిషానికి 6 లీటర్లే వదిలే ఏరేటర్ పెట్టినా చేతులు కడుక్కోవడానికి ఏ ఇబ్బందీ ఉండదు. బకెట్లు నింపే కుళాయికి మాత్రం వద్దు, అక్కడ నీళ్లు ఆదా కావు, టైమే పోతుంది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే జాలీ పూడుకుపోతుంది, విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే చాలు.

గోడకి అంటించే హుక్కుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. టైల్స్ మీద గట్టిగానే ఉన్నాయి గానీ, పెయింటు వేసిన గోడ మీద నుంచి ఊడినప్పుడు రంగుతో పాటు లప్పం పెచ్చు కూడా లేచొచ్చింది. సొంతిల్లే కాబట్టి డ్రిల్లుతో రంధ్రం చేసి, ప్లగ్గు వేసి స్క్రూ బిగించుకోవడమే నయం.

ఇక సర్దుడు. దీని మీద నా మాట ఒక్కటే: డబ్బాలు ముందు కొనకండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు మంచివే, కానీ అరలో ఏం మిగులుతుందో తేలకుండా కొంటే అనవసరమైన సామాను కూడా అందంగా పేర్చుకుని దాచుకుంటాం, అంతే. ఒకసారికి ఒక్క అరే ఖాళీ చేయండి, తీసేయాల్సినవి తీసేయండి, ఆ తర్వాత అర లోతు కొలిచి డబ్బా తెచ్చుకోండి.

మెట్ల కింద అరలో మాకు ఎక్కువగా కనిపించేవి సగం వాడిన పెయింటు డబ్బాలు. ఏది ఏ గదిదో ఎవరికీ గుర్తుండదు, డబ్బాలో సగం గాలే ఉంటుంది కాబట్టి పైన మందంగా తెట్టు కడుతుంది. మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో అంచు దాకా పోసి, మూత మీద గది పేరు, షేడు నంబరు, వేసిన సంవత్సరం రాసి పెడుతున్నాను. గోడ మీద గీత పడినప్పుడు టచప్‌కి అదే అక్కరకొస్తోంది. పాడైపోయిన రంగుని మాత్రం కాలువలో పోయకండి.

అలాగే, మిగిలిన టైల్స్ చెత్త అనుకుని పారేయకండి. అదే డిజైన్ మళ్లీ దొరికినా బ్యాచ్ మారితే షేడు కలవదు, ఒక టైలు పగిలిందంటే ఇంట్లో దాచుకున్నదే దిక్కు. ఏం పారేయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఏం ఉంచుకోవాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

గాలి తీసేసే వ్యాక్యూమ్ బ్యాగులకి సగం మార్కులే. కాటన్ దుప్పట్లకి పర్వాలేదు. ఉన్ని బట్టలూ, ఈకలతో నింపిన దిండ్లూ ఎక్కువకాలం అణిగి ఉంటే మళ్లీ మునుపటిలా పొంగవు. జిప్పులో చిన్న నూలుపోగు ఇరుక్కున్నా మెల్లగా గాలి ఎక్కుతుంది. బట్టలో కాస్త చెమ్మ ఉండగా మూసేస్తే బూజు ఖాయం, అందుకే ఎండలో పడేసి, ఆ వేడి చల్లారాకే సర్దుతున్నాను.

చివరగా, తలుపు కింద సందుకి పెట్టే స్ట్రిప్. జిగురుతో అంటించే రకం తలుపు తీసి వేస్తుంటే మూలల్లో లేచిపోయింది. దాని బదులు అల్యూమినియం పట్టీకి బ్రష్ ఉండి, స్క్రూలతో బిగించే రకం పెట్టాక దుమ్మూ పురుగులూ బాగా తగ్గాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా అది ఎక్కడా పట్టేయడం లేదు, మిగతా తలుపులకీ అదే పెట్టించబోతున్నాను.