సహజ రంగుల ఊలు కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగి నా దుప్పటి గతి చూడండి

నా చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గోళ్ళ సందుల్లోంచి పోవట్లేదు. పొద్దున ఆఫీసులో "గోరింటాకు బాగా పండిందండీ" అన్నారొకరు. అవునండీ, 5,950 రూపాయల గోరింటాకు, పండక ఏం చేస్తుంది.

అమ్మిన పేజీ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల సూదులు పట్టుకునేవాళ్ళలో సగం మందికి ఆ పేజీ తెలుసు. రాగి గంగాళం, అరిటాకు మీద పేర్చిన ఊలు చిలపలు (ఉండ చుట్టని పోగుల కట్టలు), వెనక వీణ. చాలు, గుర్తొచ్చే ఉంటుంది.

సంగతి క్లుప్తంగా. మా చెల్లెలి కూతురికి షికాగోలో నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి చెల్లెలు పదిహేనో తారీఖున బయల్దేరుతోంది. పసిబిడ్డకి దుప్పటి అల్లి ఇస్తానని నేనే నోరు జారాను. మన ఎండలకి ఊలు ఎవరిక్కావాలి, బీసెంట్ రోడ్డులో అడిగితే ఆక్రిలిక్ ఉండలే తీసి ముందు పెట్టారు. పసిబిడ్డ ఒంటికి ఆక్రిలిక్ ఏమిటి అని ముక్కు విరిచాను. ఆ ముక్కు ఇప్పుడు కోసి ఇచ్చేయొచ్చు.

తెల్ల ఊలు మా ఆడపడుచు ఊటీ నుంచి తెచ్చిపెట్టింది ఉంది. రంగులవి కావాలి. ఆ పేజీలో "చిరివేరు ఎరుపు" అన్న మాట కనపడగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఎందుకంటే మా అమ్మది పెడన, బందరు పక్కన కలంకారీ అద్దే ఊరు. చిరివేరు అన్న మాట నేను అమ్మమ్మ నోట విన్నాను, ఎక్కడా చదివి తెలుసుకున్నది కాదు. బందరు కలంకారీ ఎరుపు ఒకప్పుడు ఆ వేరుదే. ఆ మాట తెలిసిన పిల్ల ఎవరో ఈ కాలంలో కూడా ఆ రంగు వేస్తోందంటే గుండె కరిగిపోయింది. గుండె ఒక్కటీ కరిగితే బాగానే ఉండేది.

ఎరుపు రెండు చిలపలు, "నీలిమందు నీలం" ఒకటి, "దానిమ్మ తొక్క పసుపు" ఒకటి. ఒక్కోటి వంద గ్రాములు, 1,450 రూపాయలు, కొరియరు 150. ఇంటికొచ్చాక వంటింటి కాటా మీద పెడితే ఎరుపులో ఒకటి 91 గ్రాములే తూగింది. ఊలు గాలిలో తడి పీల్చి బరువు పెరుగుతుంది గానీ, కృష్ణ ఒడ్డున తగ్గడమేమిటి? పోనీలే, చేత్తో చేసిన సరుకు అనుకున్నాను. అప్పుడే ఆగి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

డబ్బు కొట్టేదాకా ఆ అమ్మాయి ఎంత మర్యాదో! "మేడమ్ గారూ, పటిక తప్ప ఏదీ వాడమండీ." "మేడమ్ గారూ, పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏం కాదండీ." ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి.

మా ఇల్లు సత్యనారాయణపురం, ఉద్యోగం గుంటూరు. రోజూ రైలే. అంచేత దుప్పటి మొత్తం రైల్లోనే అల్లాను. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటి కూర్చోడానికి చోటు దొరికితే నంబూరు వచ్చేలోపు నాలుగు వరసలు. సాయంత్రం తిరుగు బండిలో ఇంకో నాలుగు. మొదట్లోనే ఒక రోజు మంగళగిరిలో జనం తోసుకుంటూ ఎక్కితే మోచెయ్యి తగిలి తొమ్మిదో వరసలో ఒక కుట్టు తిరగబడింది. ఎడమ మూల. మూడు రోజుల తర్వాత చూసుకున్నాను. విప్పబుద్ధి కాలేదు, దిష్టిచుక్కలా ఉండనీ అని వదిలేశాను. నెల పైన పట్టింది. పూర్తయిన రోజు డాబా మీద పరిచి, ఫొటో తీసి, సంబరం ఆపుకోలేక ఆ అమ్మాయికి కూడా పంపాను. "వావ్ మేడమ్ గారూ" అంది. నాలుగు దండాలు పెట్టింది.

మొన్న ఆదివారం, పెట్టెలో సర్దేముందు ఒకసారి తడిపి, సరిగ్గా పరిచి ఆరబెడదామని (ఊలు పని చేసేవాళ్ళకి తెలుసు, అలా చేస్తేనే కుట్లు సర్దుకుంటాయి) తెల్ల ప్లాస్టిక్ టబ్బులో కుళాయి నీళ్ళు పట్టి, పసిపిల్లల షాంపూ ఒక మూత వేసి, దుప్పటి మెల్లగా ముంచాను. వేడినీళ్ళు కావు. చన్నీళ్ళు. ఎందుకు నొక్కి చెప్తున్నానో కింద తెలుస్తుంది.

ఒక్కసారిగా రాలేదు. ముందు అడుగున ఉన్న ఎర్ర చార నుంచి సన్నగా ఒక పోగు లేచింది, సాంబ్రాణి పొగ మెలికలు తిరిగినట్టు. భలే ఉందే అని కూడా అనిపించింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను. కొంచెం అదనపు రంగు మొదటి జాడింపులో వదులుతుంది, పెడనలో కాలవ నీళ్ళలో గుడ్డలు జాడించడం చూస్తూ పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలుసు. కాఫీ కలుపుకుని వచ్చాను. వచ్చేసరికి టబ్బులో నీళ్ళు లేవు, హోలీ ఉంది. నీలం కూడా దిగి ఎరుపులో కలిసి ఊదా తిరిగింది. తెల్ల చారలు లేవు. అన్నీ గులాబీ, మధ్యమధ్య కమిలిన దెబ్బలాంటి మచ్చలు.

అప్పుడు నేను చేసిన పని ఇంకా ఘోరం. కంగారులో బట్టల సబ్బు తీసి తెల్ల చారల మీద రుద్దాను. పక్కనే ఉన్న "దానిమ్మ తొక్క పసుపు" నా కళ్ళ ముందే ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలియని తెలుగు ఆడది ఎవరైనా ఉంటుందా? అది దానిమ్మ కాదు, మన వంటింటి పసుపు! సబ్బులో క్షారం తగలగానే పారాణి అయి కూర్చుంది. నాలుగు చిలపల్లో నిజంగా సహజమైనది ఏదైనా ఉంటే అదొక్కటే. అదీ ఎండకి నిలవదు, నాలుగు రోజులు ఆరేస్తే వెలిసిపోతుంది. కిలో ఎంతో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రుద్దిన చోట ఊలు గట్టిపడి ముడుచుకుపోయింది కూడా. అది మాత్రం నా చేతి చలవే, ఆ అమ్మాయి మీద వెయ్యను.

ఫొటోలు తీసి పంపాను. తిట్టలేదు. "ఏమయ్యుంటుంది అండీ?" అని అడిగాను, అంతే. సాయంత్రం దాకా జవాబు లేదు. రాత్రి తొమ్మిదింటికి ఒక వాయిస్ మెసేజ్. ముప్పై ఎనిమిది సెకన్లు. ఇప్పటికి ఇరవై సార్లు విని ఉంటాను, అందుకే అక్షరం పొల్లుపోకుండా రాయగలను.

"ఆంటీ, చూడండి, ఇది చేత్తో వేసిన రంగు. చేత్తో వేస్తే కొంచెం దిగుతుంది, సహజ రంగు అంటేనే అది. మీరు వేడినీళ్ళు పోసుంటారు. బెజవాడ బోరు నీళ్ళ సంగతి మాకు తెలీదా? పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీశారా? తీయలేదు కదా. మరి నేనేం చెయ్యను? ఇలాంటివి అందరికీ సెట్ అవ్వవు ఆంటీ. మీకు అలవాటైన బజారు ఊలు కొనుక్కోండి."

చివర్లో వెనక ఎవరో నవ్వారు. ఆపుకోబోయి బయటికి వచ్చిన నవ్వు. మెసేజ్ అక్కడ తెగింది.

చూడండి, "మేడమ్ గారూ" నుంచి "ఆంటీ"కి ఎంత తేలిగ్గా దిగిందో. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నాకు 51 ఏళ్ళు, ఆంటీనే, కాదనను. కానీ డబ్బు కొట్టే రోజున కూడా నాకు 51 ఏళ్ళేగా తల్లీ! ఇంకో మాట, మాది బోరు కాదు. కార్పొరేషన్ కుళాయి. కృష్ణ నీళ్ళు. నన్నంటే అన్నావు, కృష్ణమ్మని ఎందుకు మధ్యలోకి లాగావు? నీళ్ళని బట్టి సహజ రంగుల ఛాయ మారుతుంది, ఒప్పుకుంటాను. ఛాయ మారడం వేరు, టబ్బు నిండా కారడం వేరు. ఇక వీడియో అంటావా, పార్సిల్ విప్పేటప్పుడు ఊలు ముచ్చటగానే ఉంది. ఏం తీయాలి వీడియో, నా మొహం వెలిగిపోవడమా?

ఇదంతా టైపు చేసి పంపేలోపు బ్లాక్ చేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బుకి కాదు. ఆ నవ్వుకి.

సోమవారం మిగిలిన ఎర్ర ఊలు, నీలం ఊలు సంచిలో వేసుకుని మంగళగిరిలో దిగాను. మా ఆఫీసు అటెండరు బావగారు అక్కడ చీరల నూలుకి రంగులు వేసేవారు, ఇప్పుడు వయసైపోయి మానేశారు. ఆయన ముందు పోగు చివర అగ్గిపుల్లతో అంటించి వాసన చూశారు. వెంట్రుకలు కాలిన కంపు. "ఊలు అసలుదేనమ్మా" అన్నారు. ఆ మాత్రం న్యాయం నేనూ చేస్తున్నాను, ఊలు ఊలే. తర్వాత తడి పంచె కొంగు తీసి నీలం పోగుని రెండు వేళ్ళతో లాగారు. కొంగు నీలం. గ్లాసు నీళ్ళలో ముంచితే నీళ్ళు నీలం. నవ్వారు, కానీ ఆ నవ్వు వేరు.

"నీలిమందు నీళ్ళలో కరగదు తల్లీ. కరిగేదైతే మా పెద్దవాళ్ళు రోజుల తరబడి తొట్టి పులియబెట్టి చావడమెందుకు? తొట్టిలోంచి తీసినప్పుడు పచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలం తిరుగుతుంది. సరిగ్గా జాడించకపోతే చేతికి అంటుతుంది గానీ, ఇట్టా నీళ్ళలో శరబత్తులా దిగదు."

ఎరుపు మాటేమిటి అన్నాను. చిరివేరైనా మంజిష్ఠ అయినా పటిక పట్టిన చోటే పట్టుకుంటుంది, పట్టుకుంటే వదలదు అన్నారు. కలంకారీలో పటిక అద్ది, వేరు వేసి మరిగిస్తే అద్దిన చోటే ఎరుపు తేలుతుంది కదా, ఆ లెక్క. పెడన మనవరాలికి ఈ ముక్క మంగళగిరిలో ఒకరు చెప్పాల్సి వచ్చింది, అదీ నా బతుకు.

ఆయన ఇంకో మాట అన్నారు, అదే నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది. "రసాయనం రంగు వేస్తే తప్పేం లేదమ్మా, నా జన్మంతా అవే వేశాను. కానీ నేను వేసిన రంగు చీర కట్టిన మనిషి ఒంటికి అంటలేదు. ఊలు నా పని కాదు, అయినా చెప్తున్నా. వీళ్ళు సరిగ్గా ఉడకనివ్వలేదు, వేశాక కడగనూ లేదు." అంటే కనీసం రసాయనం రంగైనా ఒళ్ళు వంచి వెయ్యలేదన్నమాట. మోసం కూడా బద్ధకంగా చేశారు.

పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏం కాదంట!

అసలు మంట ఇక్కడ. నిన్న రాత్రి మా అమ్మాయి తన ఫోన్లో ఆ పేజీ తెరిచింది, తనని బ్లాక్ చెయ్యలేదు కదా. అన్నిటికంటే పైన నా దుప్పటి. నా డాబా. మూలన మా తులసికోట అంచు కూడా కనపడుతోంది. నేను సంబరపడి పంపిన ఆ ఫొటో మీద "సహజ రంగులు, పసిపిల్లలకు పూర్తి సురక్షితం, మా కస్టమర్ ఆనందం" అని రాసి పెట్టింది. తడవక ముందు ఫొటో అది. కింద ఎవరో ధర అడుగుతున్నారు. "ఇన్‌బాక్స్ చెయ్యండి మేడమ్ గారూ" అట.

నన్ను బ్లాక్ చేసింది, నా దుప్పటిని మాత్రం దుకాణం ముందు వేలాడదీసుకుంది. ఆ కస్టమర్ ఆనందం ప్రస్తుతం మా బాత్రూమ్ తలుపు మీద కారుతోంది, వచ్చి చూసుకోమనండి.

నా తప్పులు నాకు తెలుసు. నమూనా ముక్క అల్లాను, సూది సైజు కోసం. దాన్ని తడిపి చూడలేదు. పది నిమిషాల పని. తెల్లదాని పక్కన ఎరుపు పెట్టేముందు ఎవరైనా చేసే పని. ఆ వీణ సంగీతం విని ఒళ్ళు మరిచాను.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు రెండు బారల పోగు తెంపి, తెల్ల గుడ్డలో చుట్టి, రాత్రంతా తడిగా ఉంచి చూడండి. పసుపురంగుకి ఒక చుక్క సబ్బు నీళ్ళు తగిలించండి. ఏ రంగు దేంతో వేశారు, ఏం పెట్టి పట్టించారు అని అడగండి. నిజంగా వేసేవాళ్ళు ఆపమన్నా ఆపకుండా చెప్తారు. వెనిగర్‌లో నానబెడితే ఆగిపోతుంది అంటారు కొందరు, ఊరికే నానబెడితే ఏమీ ఆగదు. పార్సిల్ వీడియో తీసుకోండి, ఏడుపొచ్చినా సరే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే మనం ఉండే ఊళ్ళోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. 5,950 కోసం ఎందుకే అంటున్నారు మావారు. ఆయన ఆ నవ్వు వినలేదు.

చెల్లెలు తన పెట్టెలో దుప్పటికి ఉంచిన చోట ఇంకో రెండు కేజీల కందిపొడి సర్దేసింది. నాకు మొహం చెల్లక చూడ్డానికి వెళ్ళలేదు.

ఆ ఫొటో మీకు ఎక్కడైనా కనపడితే, కొనేముందు పెద్దది చేసి చూడండి. ఎడమ మూల, కింది నుంచి తొమ్మిదో వరస. ఒక కుట్టు తిరగబడి ఉంటుంది.