సైకిల్‌కు అద్దం: నాలుగు నెలలు వాడాక

కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తా దగ్గరి ల్యాబ్‌కు రోజూ సైకిల్ మీదే పోయి వస్తాను. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు ఏడు కాకముందే వచ్చి కూర్చుంటారు కాబట్టి పొద్దున ఆరుంబావుకే బయలుదేరతాను. ఆ టైంలో ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కడం కూడా హాయిగానే ఉంటుంది. పాల బండ్లు, నిట్ ముందు వాకింగ్ చేసేవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ ఉండరు. తిప్పలంతా సాయంత్రం తిరిగొచ్చేటప్పుడే.

సైకిల్ తొక్కని వాళ్లకు ఒక సంగతి తెలియకపోవచ్చు. వెనక ఏమొస్తోందో చూద్దామని తల కుడికి తిప్పామంటే, మనకు తెలియకుండానే హ్యాండిల్ కూడా కుడికి లాగుతుంది. నక్కలగుట్ట దగ్గర ఒకరోజు అలాగే అయింది. వెనక హారన్ మోగితే తిరిగి చూశాను, సైకిల్ జానెడు పక్కకు పోయింది, బైక్ మీద పోతున్న అబ్బాయి నా భుజాన్ని రాసుకుంటూ పోయాడు. "ఏమక్కా, సక్కగ పోరాదు!" అని అరిచాడు. నాకు దెబ్బ తగల్లేదు కానీ ఇంటికి వచ్చేదాకా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆ ఆదివారమే పోయి అద్దం కొన్నాను.

రెండు వందల అరవై రూపాయలు. అరచేతిలో పట్టేంత గుండ్రటి అద్దం, పొట్టి కాడ, హ్యాండిల్‌కు బిగించే క్లాంపు. మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాం, బండ్లు కుడి పక్క నుంచి దాటుతాయి కాబట్టి కుడివైపే పెట్టించుకోవాలి. ఉబ్బెత్తు అద్దం కావడంతో రోడ్డు వెడల్పంతా కనబడుతుంది, కానీ అందులో దూరంగా ఉన్నట్టు తోచే బస్సు నిజానికి చాలా దగ్గర్లోనే ఉంటుంది. ఆ లెక్క కంటికి అలవాటు కావడానికి నాకు వారం పట్టింది. కొత్తగా పెట్టుకున్నవాళ్లు ఆ వారం రోజులు అద్దాన్ని నమ్మి కుడికి తిరగొద్దు.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. అద్దంలో ఒక ఆటో కనబడింది. డ్రైవర్ ముఖం కనబడలేదు, చెవి మాత్రమే కనబడింది. వెనక కూర్చున్న వాళ్లతో మాట్లాడుతూ మెడ మొత్తం పక్కకు తిప్పేశాడు. ముందు చక్రం తిన్నగా నా వైపే వస్తోంది. నేను తారు దిగి మట్టిలోకి పోయాను. ఆటో వేగం కూడా తగ్గించకుండా పోయింది, దాని గాలికి నా చున్నీ ఎగిరింది. హారన్ కూడా కొట్టలేదు. అద్దం లేకపోతే అది వస్తున్నట్టే నాకు తెలిసేది కాదు. అద్దానికి పెట్టిన డబ్బులు ఆ ఒక్క రోజుకే గిట్టుబాటయ్యాయి.

హారన్ల మాట కూడా చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. కోర్టు ఉన్న అదాలత్ దగ్గర గ్రీన్ సిగ్నల్ పడీ పడకముందే సైకిల్ మీద ఉన్న మనిషి వెనక ఎన్ని మోగుతాయో అక్కడ రోజూ నిలబడేవాళ్లకు తెలుసు. అద్దం వచ్చాక ఆ మోత తగ్గలేదు కానీ నా టెన్షన్ తగ్గింది. ఏ బండి, ఎంత దూరం, దాటుతుందా ఆగుతుందా అని చూసుకుంటున్నాను కాబట్టి ఉలిక్కిపడటం లేదు.

అద్దం ఆపలేనివీ ఉన్నాయి. మనల్ని దాటి పోయి, ఎవరో చెయ్యెత్తగానే మన ముందే ఎడమకు కోసి ఆగే ఆటో ఒకటి. రోడ్డు పక్కన ఆపిన కారు తలుపు ఇంకొకటి. నాకు ఎక్కువ భయం ఆ తలుపంటేనే. కారు నడిపేవాళ్లు దిగేటప్పుడు కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తలుపు తీస్తే ఒళ్లు దానంతట అదే తిరిగి, వెనక వచ్చే సైకిల్ కంటపడుతుంది. బ్రిటన్‌లో 2022లో ఈ పద్ధతిని హైవే కోడ్‌లోనే, అంటే అక్కడి రోడ్డు నియమాల పుస్తకంలోనే చేర్చారు. వాళ్ల కార్లలో కూడా స్టీరింగ్ మనలాగే కుడివైపే ఉంటుంది. మన డ్రైవింగ్ స్కూళ్లలో మొదటి రోజే ఇది నేర్పాలని నా కోరిక.

ఇక వస్తువులో లోపాలు. గుంతల్లో పడ్డప్పుడల్లా క్లాంపు వదులై అద్దం కిందికి వాలిపోయేది. రెండు వారాలు ఓపిక పట్టి, మా గల్లీ చివర పంక్చర్లు వేసే అన్న దగ్గరికి పోయాను. పాత ట్యూబులోంచి వేలెడు ముక్క కోసి, హ్యాండిల్‌కు చుట్టి, దాని మీద క్లాంపు బిగించాడు. "ఇగ కదలదక్కా" అన్నాడు, పైసలు తీసుకోలేదు. అప్పటినుంచి నిజంగానే కదల్లేదు. ఆ రబ్బరు ముక్క కంపెనీవాళ్లే డబ్బాలో పెట్టి ఇవ్వొచ్చు కదా! వానలో చినుకులు పడితే ఏమీ కనబడదు, చేత్తో తుడుచుకోవాల్సిందే. రాత్రిపూట వెనక బండి హైబీమ్ వేస్తే వెలుగు తిన్నగా కళ్లలో కొడుతుంది.

అయిదుకు నాలుగు ఇస్తాను. మా పక్కింటి అబ్బాయి ఇంటర్ కాలేజీకి సైకిల్ మీదే పోతాడు. వాడికీ ఒకటి తెచ్చి, రబ్బరు ముక్క వేసి నేనే బిగించి ఇచ్చాను.