పద్య నాటకాలు షూట్ చేసేవాళ్ళకి జూమ్ ఎఫ్3 ఎలా ఉంటుంది: చాలా కాలం వాడాక

నేను ఎక్కువగా పౌరాణిక నాటకాలు, కూచిపూడి ప్రోగ్రాములు వీడియో తీస్తా. జూమ్ ఎఫ్3 అనే ఈ సౌండ్ రికార్డర్ 2022లో వచ్చింది, కొత్తల్లోనే కొన్నా, అప్పట్నుంచి నా బ్యాగులో ఇదే.

దీనికి గెయిన్ నాబ్, అంటే రికార్డయ్యే సౌండ్ లెవెల్ పెంచి తగ్గించే మీట, లేదు. మొదట్లో వింతగా ఉంటుంది గానీ ఇది రికార్డ్ చేసేదే 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే చిన్న సౌండూ పెద్ద సౌండూ రెండూ పాడవకుండా పట్టే ఫార్మాట్‌లో, ఒక్కో ఇన్‌పుట్‌కి సౌండ్‌ని డిజిటల్‌గా మార్చే కన్వర్టర్లు రెండేసి, ఒకటి చిన్న సౌండ్‌కి ఇంకోటి పెద్ద సౌండ్‌కి, కాబట్టి ముందుగా లెవెల్ పెట్టుకునే పనే లేదు. రాయబారం సీన్ తీసినవాళ్ళకి తెలుస్తుంది దీని విలువ. కృష్ణుడు మామూలు గొంతుతో మాట్లాడుతూనే పద్యం ఎత్తుకుంటాడు, చివర్లో రాగం పైకి తీసుకెళ్ళి అక్కడే నిలబెడతాడు, కింద హార్మోనియం, అది ఆగకముందే చప్పట్లు, వన్స్‌మోర్లు. ఇదివరకు ఆ టైంలో నా చెయ్యి నాబ్ మీద, కన్ను మీటర్ మీద ఉండేవి, ఇప్పుడు రెండూ కెమెరా మీదే, ఆ ముఖం క్లోజప్ వదలకుండా దొరుకుతోంది. ఎడిటింగ్‌లో సౌండ్ తగ్గిస్తే రాగం ఎక్కడా పగలకుండా వస్తుంది. నాకు ఇదొక్కటి చాలు.

కూచిపూడికైతే ఒక ఇన్‌పుట్‌కి స్టేజీ అంచున గజ్జెల కోసం మైకు, రెండోదానికి మిక్సర్ నుంచి లైన్ పెడతా. తరంగంలో పళ్ళెం చప్పుడు, నట్టువాంగం తాళాలు ఎంత పదునుగా ఉన్నా తట్టుకుంటుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, సౌండ్ వాళ్ళ మిక్సర్‌లోనే పగిలి వస్తే ఇదేం చెయ్యలేదు, మైకు తట్టుకోలేని సౌండ్‌కీ అంతే. అందుకే ప్రోగ్రాంకి ముందే వెళ్ళి మిక్సర్ దగ్గర కూర్చున్నాయనతో మాట్లాడుకోవాలి, మనకి పంపే అవుట్ కాస్త తగ్గించి ఇమ్మంటే కాదనరు.

రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది గానీ ఫాంటమ్ పవర్ (మైకుకి కేబుల్ ద్వారానే ఇచ్చే కరెంటు) వేస్తే త్వరగా అయిపోతాయి, నేను పవర్ బ్యాంక్ పెట్టేస్తా. ఈ సౌండ్‌ని వీడియోతో కలపడానికి (సింక్‌కి) తెర లేచే ముందు కొట్టే గంట చాలు, కాకపోతే రాత్రంతా సాగే నాటకాల్లో కెమెరాకీ దీనికీ కొన్ని ఫ్రేములు తేడా వస్తుంది, సీను సీనుకీ మళ్ళీ కలుపుకోవాలి. ఉన్నవి రెండే ఇన్‌పుట్లు, మృదంగం వయొలిన్ గాత్రం అన్నీ విడివిడిగా కావాలనుకునేవాళ్ళు ఇంకా పెద్దది చూసుకోండి.