బిట్‌వార్డెన్ ఫ్రీ ప్లాన్: నాన్న ఫోన్లో, నా ఫోన్లో ఆర్నెల్లు వాడాక

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికి నాన్న నెల్లూరు నుంచి వచ్చిన రోజే ఆయన ఫోన్‌కి మెసేజ్, తను కొనని వస్తువు ఎవరిదో అడ్రస్‌కి బయల్దేరిందని. ఏదో షాపింగ్ అకౌంట్లోకి ఎవరో దూరారు. ఎప్పుడో ఇంకో సైట్లో పెట్టుకున్న పాస్‌వర్డే ఇక్కడా, మెయిల్‌కీ, కరెంటు బిల్లు యాప్‌కీ, అన్నిటికీ అదే. ఒక చోట లీకైతే చాలు, ఆ మెయిలూ పాస్‌వర్డూ తీసుకెళ్ళి ప్రోగ్రామ్ పెట్టి మిగతా సైట్లన్నిట్లో వరసగా కొట్టి చూస్తారు. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ అని, మన మెయిల్ ఏ లీకులోనైనా ఉందో లేదో చెప్పే సైటుంది, అందులో నాన్న మెయిల్ కొట్టి చూస్తే లీకుల్లో ఉండనే ఉంది.

ఆ రాత్రే ఇద్దరి ఫోన్లలో బిట్‌వార్డెన్ వేశా, పాస్‌వర్డులన్నీ ఒక్కచోట తాళం వేసి దాచే యాప్ ఇది. ఎందుకిదే అంటే ఫ్రీ ప్లాన్లోనే ఎన్ని పాస్‌వర్డులైనా దాచుకోవచ్చు, ఎన్ని ఫోన్లలోనైనా వాడుకోవచ్చు, పైగా ఆ యాప్ ప్రోగ్రామ్ కోడ్ అందరికీ కనిపించేలా బయటే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది పాస్‌వర్డ్ తయారుచేసే జెనరేటర్. మనం సొంతంగా ఆలోచించి పెట్టేవి ఎప్పుడూ ఒకేలా ఉంటాయండీ, మొదటి అక్షరం పెద్దది, మధ్యలో పిల్లల పేరు, ఏ బదులు @, చివర పుట్టిన సంవత్సరం, ఇవన్నీ పగలగొట్టేవాళ్ళకి తెలిసినవే, ముందు ట్రై చేసేవే అవి. అందుకే ఎంచే పని మన బుర్రకి అస్సలు ఇవ్వకూడదు. మామూలు అకౌంట్లకి 20 అక్షరాల గజిబిజి పెట్టేశా, ఎలాగూ యాపే నింపుతుంది, గుర్తుంచుకునే పని లేదు.

గుర్తుండాల్సింది మాస్టర్ పాస్‌వర్డ్, అంటే బిట్‌వార్డెన్‌ని తెరిచేది, అదొక్కటే. దానికి జెనరేటర్లో పాస్‌ఫ్రేజ్ అని ఉంటుంది, అక్షరాల బదులు పదాలు వరసగా పేర్చిన పాస్‌వర్డ్ అన్నమాట, పదాల సంఖ్య 6 పెట్టండి. ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ 2016లో ఇచ్చిన 7,776 పదాల లిస్టు లోంచి తీస్తుంది. ఆ లెక్క ఎక్కడిదంటే ఆరు ముఖాల పాచిక అయిదుసార్లు వేస్తే వచ్చే రకాలు సరిగ్గా అన్నే. ఆరు పదాలకి 2 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కన్నా ఎక్కువ రకాలు వస్తాయి, ఎవడు ఊహిస్తాడు చెప్పండి. అన్నీ ఇంగ్లీషు పదాలే, నాన్న మొదట మొహం చిట్లించారు, తర్వాత ఆయనే ఆ ఆరిటినీ కలిపి తెలుగులో ఓ కథ అల్లుకున్నారు, ఒంటె ఊరగాయ తిని రైలెక్కినట్టు అనుకోండి (అసలువి చెప్పను). మర్నాడు కాఫీ తాగుతూ చూడకుండా మొత్తం టైప్ చేశారు! నచ్చిన పదం దొరికేదాకా మళ్ళీ మళ్ళీ నొక్కద్దు, మొదట వచ్చిందే తీసుకోండి.

ఇబ్బందులు కూడా చెప్తా. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ వాళ్ళు కూడా తీసివ్వలేరు, వాళ్ళ దగ్గర అది ఉండదు కాబట్టి. అందుకే కాగితం మీద రాసి బీరువాలో పొలం పాస్‌బుక్కుల మధ్య పెట్టాం, ఎక్కడో కూర్చున్న దొంగ మన బీరువా దాకా రాడు. ఇంకోటి, కొన్ని బ్యాంకు యాప్‌లు పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వవు, అక్కడ చూసి చేత్తో కొట్టాల్సిందే, నాన్నకి ఇప్పటికీ విసుగే.

డబ్బు కట్టే ప్లాన్ మాకు అవసరం పడలేదు. రెండో తాళం, అదే పాస్‌వర్డ్ కొట్టాక అడిగే ఆథెంటికేటర్ యాప్ కోడ్, ఫ్రీలోనే పెట్టుకోవచ్చు, ముందు మెయిల్‌కి పెట్టండి, మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్లన్నీ వచ్చేది అక్కడికే. నాన్నవి మొత్తం 31 అకౌంట్లు తేలాయి, 27 మార్చేశాం, మిగతా నాలుగూ ఈ ఆదివారం వీడియో కాల్లో కూర్చుని చేస్తాం.