మొదటి పుస్తకం, బరంపురం ప్రెస్సు: 5కి 3 స్టార్లు

మాది ఒడిశాలో పర్లాకిమిడి. కథల పుస్తకం వేద్దామని హైదరాబాదులో రెండు చోట్లకి పంపితే ఒకరు ఎనిమిది నెలలు ఉలకలేదు పలకలేదు, ఇంకొకరు డబ్బులు మీరే పెట్టుకోవాలన్నారు, ఆ పెట్టేదేదో దగ్గర్లో పెడదామని బరంపురంలో ఒక ప్రెస్సుకి ఇచ్చా, పేరెందుకులెండి.

ప్రింటింగ్ బాగుంది. డెమ్మీ 1/8 సైజు, 70 జీఎస్ఎం కాగితం, బైండింగ్ గట్టిది. గొడవంతా డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని దగ్గరే. నేను యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు) ఇచ్చింది వాళ్ళు ప్రెస్సుల్లో వాడే అనూ ఫాంట్‌లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోయాయి, "క్ష" ఉన్న చోటల్లా డబ్బాలు. ఆపరేటర్ ఒడియా కుర్రాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు గానీ చదవడం రాదు పాపం, ఇంక తప్పు ఎలా కనబడుద్ది? మూడు ప్రూఫులూ బస్సుల్లో తిరిగి తిరిగి నేనే దిద్దా. పైగా నాకు చెప్పకుండా ఎవరో మాస్టారికి చూపించారట, ఆయన నా "ఎల్తాను"లన్నీ "వెళ్ళెదను" చేసి పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం కొట్లాడింది మా ఊర్నించే కదండీ బాబూ!

ఇంకోటి, ఐఎస్‌బీఎన్‌కని, అదే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరుకని, 2500 తీసుకున్నారు. అది కేంద్ర ప్రభుత్వానికి చెందిన రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగానే అప్లై చేసుకోవచ్చు. డబ్బు కట్టాక తెలిసింది నాకు.

వెళ్తే ఫైనల్ పీడీఎఫ్ మీరే చేయించుకుని వెళ్ళండి, ప్రింటు వరకే వాళ్ళకివ్వండి. నావి 300 కాపీల్లో 210 ఇంకా మంచం కిందే ఉన్నాయి, అది మాత్రం ప్రెస్సు తప్పు కాదు.